చికాగో చలికి పాలమూరు గొంగడి: ఒక చలికాలమంతా వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది చేత్తో వడికిన ఉన్నితో గుంట మగ్గం మీద నేసిన నల్ల గొంగడి గురించి. నేనూ మా బావా (మా ఆయనే) దీన్ని చికాగోలో చలికాలం మొత్తం వాడాం. ఇప్పుడు మహబూబ్‌నగర్ వచ్చి అమ్మ వాళ్లింట్లో ఫ్యాన్ కింద కూర్చుని రాస్తున్నా. కొనొచ్చా అని అడిగితే కొనండి అంటాను. ఒంటికి తగిలేలా కప్పుకుని హాయిగా పడుకుందామనుకుంటే మాత్రం వద్దు. ఈ రెండు మాటల మధ్య చాలా కథ ఉంది, కాస్త పొడుగైనా చదవండి, ముఖ్యంగా ఈ ఏడాది మంచు పడే ఊళ్లకు సూట్‌కేస్ సర్దుకుంటున్న జంటలు.

మేం కొన్నది మక్తల్ వైపు ఒక ఊళ్లో, గొర్లు కాసి గొంగళ్లు నేసే కురుమల ఇంట్లో. కురుమూర్తి జాతర దాకా ఆగు, అక్కడ చూసి తీసుకుందాం అంది అమ్మ. కానీ ఆ జాతర కార్తీకంలో, మా విమానమేమో దీపావళికి ముందే. అందుకని తెలిసినవాళ్లను పట్టుకుని నేరుగా నేసే పెద్దాయన దగ్గరికే పోయాం. మాకు మూడు వేల పైనే అయింది. మా బావ మొహం చూడాలి. "ఈ పైసలకు మెత్తటి బ్లాంకెట్లు రెండొస్తయి గదా కాకా" అన్నాడు. పెద్దాయనకు కోపం రాలేదు, బేరమూ ఆడలేదు. "తీస్కపో బిడ్డా, రెండు కాదు మూడు తీస్కపో, ఇది మాత్రం నీ కొడుకు గూడ కప్పుకుంటడు" అన్నాడు. అప్పటికి మాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు, కొడుకు మాట వినేసరికి బావ పర్సు తీశాడు.

ధర ఎందుకంత అనేవాళ్ల కోసం నేను అక్కడ చూసింది చెప్తా. దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లే ఉన్ని కత్తిరిస్తారు. దాన్ని ఏరి, దుమ్ము దులిపి, ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. తర్వాత చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి గంజి చేసి, పడుగును, అంటే నేతలో నిలువుగా ఉండే దారాలను, ఆరుబయట బారుగా కట్టి, పెద్ద కుంచెతో ఆ గంజి పట్టిస్తారు. అది ఎండలో ఆరాకే మగ్గం ఎక్కుతుంది. ఇంత పని అయ్యాక ఒక గొంగడి. పైగా ఉన్నే తక్కువైపోయిందట. మాంసానికి రేటు ఉంది, ఉన్నికి లేదు, అందుకని అందరూ నెల్లూరు జాతి గొర్రెలకు మళ్లారు. వాటికి ఒంటి మీద కురచ వెంట్రుకలే, వడకడానికి ఉన్ని ఉండదు. పెద్దాయన కొడుకు హైదరాబాద్‌లో కారు నడుపుతున్నాడు. ఇక నేసేదెవరని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

అసలుదో కాదో తెలుసుకోవడానికి ఆయనే ఒక పద్ధతి చూపించాడు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాలి. నిజమైన ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది, మంట తీసేయగానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. ఆక్రిలిక్ కలిపిందైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే ముందుకు నడవండి. పానిపట్ నుంచి వచ్చే నల్ల రగ్గులు దూరానికి అచ్చం ఇలాగే ఉంటాయి. వాటిలో పాత ఉన్ని బట్టలు చింపి మళ్లీ దారం తీసి చేసినవి చాలా ఉంటాయి. అవి పనికిరావని కాదు, వాటి ధర వేరు, వాటి పని వేరు.

ఇంటికి తెచ్చి తూకం వేస్తే రెండున్నర కిలోల పైచిలుకు. మనిషికి 23 కిలోల పెట్టెలో పచ్చళ్లు, కారప్పొడి, జొన్నపిండి, మా అత్తమ్మ మిర్యాలగూడ నుంచి పంపిన బియ్యప్పిండి అన్నీ పోగా దీనికి చోటెక్కడిది? "మీ పాలమూరోళ్లు బొంబాయి పోయినా గొంగడే, అమెరికా పోయినా గొంగడేనా?" అని నల్లగొండ నవ్వొకటి నవ్వాడు బావ. మా తాత నిజంగానే బొంబాయిలో మట్టి పనికి పోయినోడు, గొంగడి చంకన పెట్టుకునే బస్సెక్కినోడు. ఆ మాట అంటే నాకు నామోషీ ఏం లేదు. బావ జీన్స్ ప్యాంట్లలో రెండు బయటికి తీశా, గొంగడి లోపలికి పోయింది.

ఇక చికాగో సంగతి. మేమున్నది నగరం ఉత్తరం వైపు, డెవాన్ అవెన్యూకి నడిచిపోయేంత దూరంలో, పాత ఇటుకల బిల్డింగ్‌లో మూడో అంతస్తు. డెవాన్ అంటే మనవాళ్లకు తెలిసిందే, కందిపప్పు నుంచి గోంగూర దాకా దొరికే వీధి, అందులో కొంత భాగానికి గాంధీ మార్గ్ అని పేరు కూడా ఉంది. ఇంట్లో హీటింగ్ అద్దెలోనే కలిసి వస్తుంది. అక్కడ చట్టం ఉంది, సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా ఓనర్ పగటిపూట ఇంట్లో కనీసం 68 ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ ఉంచాలి, రాత్రి 66 ఉంటే చాలు. వినడానికి బాగుంది కదా, 20 డిగ్రీలంటే మనకు డిసెంబర్ పొద్దు లాంటిదే. కానీ ఆ 20 గది మధ్యలో. కిటికీ పక్కన మంచం వేసుకున్నోడికి అది వర్తించదు. పాత చెక్క కిటికీలు, సందుల్లోంచి మిషిగన్ సరస్సు గాలి సన్నగా విజిల్ వేస్తూ లోపలికొస్తుంది. రేడియేటర్, అంటే గదిని వేడి చేసే ఇనుప గొట్టాలు, ఉన్న వైపు పడుకున్నోళ్లకు చెమట, కిటికీ వైపు పడుకున్నోళ్లకు వణుకు. మా ఇంట్లో మొదటి నెల గొడవలన్నీ ఎవరు ఏ వైపు అనే దాని మీదే.

అందుకే గొంగడికి మొదటి ఉద్యోగం కిటికీ దగ్గర వచ్చింది. రాత్రి కర్టెన్ రాడ్డు మీద వేసి కిందిదాకా వదిలితే గాలి ఠక్కున ఆగిపోయింది. కర్టెన్లు, ప్లాస్టిక్ షీటు, తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టడం అన్నీ చేశాం, ఏదీ ఇలా పని చేయలేదు. ఆశ్చర్యపోవాల్సింది కూడా లేదు. గొర్లకాపరి గట్టు మీద, వానలో, ఎదురుగాలిలో నిలబడటానికి నేసిన వస్తువు ఇది. నేత దగ్గరగా ఉంటుంది, గంజి బిగువు తోడవుతుంది. నా లెక్కలో దీనికి పూర్తి మార్కులు ఇక్కడే. గాలిని ఆపడంలో దీన్ని మించింది మా ఇంట్లో లేదు.

రెండో వాడకం మంచం మీద, కానీ అన్నిటికన్నా పైన. కింద దుప్పటి, దాని మీద అక్కడి కంఫర్టర్, ఆ పైన గొంగడి. బరువు మీద పడితే నిద్ర బాగా పడుతుందని బావ, ఊపిరాడట్లేదని నేను. ఒకటి మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. పాలిస్టర్ మింక్ బ్లాంకెట్ కప్పుకున్న రాత్రుల్లో వేడెక్కి, చెమటపట్టి, తన్నేసి, మళ్లీ చలేసి లేచేవాళ్లం. గొంగడితో అది లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడిగా తగలదు, ఒంటి ఆవిరిని లాక్కుని మెల్లగా బయటికి వదిలేస్తుంది. పాలిస్టర్ ఆ పని చేయదు. ఇంకో పీడ, హీటింగ్ వల్ల ఇంట్లో గాలి ఎంత ఎండిపోతుందంటే మింక్ మీద నుంచి లేచి రేడియేటర్ ముట్టుకుంటే చిటుక్కున నిప్పురవ్వ. మా పెళ్లికి పెట్టిన మింక్ అది, ఎర్ర గులాబీలది, అత్తమ్మ చదివితే చదవనీ.

ఇప్పుడు తిట్లు.

గుచ్చుకుంటుంది. మామూలుగా కాదు, మెడ దగ్గర, చేతుల మీద ఎర్రగా దద్దుర్లు వచ్చేంత. దీనికి కారణం సూటిగా ఉంది, ఉన్ని పోగు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) దాటి లావుగా ఉంటే దాని కొనలు చర్మానికి గుచ్చుకుంటాయి. షాపుల్లో మెత్తగా ఉండే మెరినో ఉన్ని పాతికకు లోపు. మన దక్కనీది ముతక, గట్టిగా ఉండటమే దాని గుణం. అమ్మ ఇది ముందే ఊహించి పాత నూలు చీర ఒకటి ఇచ్చి పంపింది. దాన్ని ఒక వైపు పొడుగ్గా టాకాలు వేసి కుడితే సగం బాధ తీరింది. ఆ చీర తీసి ఉతుక్కోవచ్చు, గొంగడిని ముట్టుకోనక్కర్లేదు. కొనేవాళ్లందరూ మొదటిరోజే ఈ పని చేయండి.

వాసన. కొత్తలో చింతగింజల గంజి వాసన, దాని వెనకాల మంద వాసన. రేడియేటర్ వెచ్చదనానికి అది ఇంకా లేస్తుంది. బావ ఆఫీసులో తన కోటు ఎవరైనా వాసన చూస్తారేమోనని టెన్షన్ పడి, కోటును బాత్రూమ్‌లో తగిలించుకునేవాడు. సంక్రాంతి నాటికి తగ్గింది, పూర్తిగా పోలేదు. నాకైతే ఇంటి మీద గాలి మళ్లినప్పుడు ఆ వాసన పీల్చుకోవాలనిపించేది, కానీ రివ్యూలో దీన్ని మైనస్‌లోనే వేయాలి.

వెంట్రుకలు రాలుతాయి. సాయంత్రాలు మేం దీన్ని హాల్లో పరుచుకుని దాని మీదే కూర్చుని తినేవాళ్లం, ఎందుకంటే చెక్క నేల జిల్లుమనేది, సోఫా అప్పటికి కొనలేదు. జొన్నరొట్టె తుంచితే ఒక నల్ల వెంట్రుక, పప్పులో ఒకటి. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అని మనవాళ్లు ఊరికే అనలేదు, బావ నిజంగానే ఏరుతూ కూర్చున్నాడు, ఆ సామెత చెప్తే ఆ పూట నాతో మాట్లాడలేదు కూడా. నాలుగైదు వారాలు గట్టిగా దులిపాక రాలడం తగ్గింది.

ఆ సాయంత్రాల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ వస్తువుకు అక్కడ ఎందుకంత విలువ వచ్చిందో అర్థం కాదు. డిసెంబర్‌లో చికాగోలో పొద్దు సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకే గూకుతుంది. బావ పొద్దున చీకట్లో పోయి చీకట్లో వచ్చేవాడు. నాకు ఉద్యోగం చేసే పర్మిట్ ఇంకా రాలేదు, డ్రైవింగ్ రాదు, బయట నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద మంచు తొక్కితొక్కి అద్దంలా నున్నబడి ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఇంట్లో వెచ్చటి చోటు ఒక్కటే, రేడియేటర్ ముందు గొంగడి పరిచినంత మేర. కూరగాయలు కోయడం అక్కడే, అమ్మ వాళ్లకు వీడియో కాల్ అక్కడే, కరెంటు బిల్లు మీద పోట్లాట అక్కడే. కొట్లాడుకున్న రోజు లేచి పోదామన్నా పక్క గది చల్లగా ఉంటుంది కాబట్టి ఇద్దరం వీపులు తిప్పుకుని దాని మీదే కూర్చునేవాళ్లం. దీన్ని గొంగడి గుణమని రాయాలో దోషమని రాయాలో మీరే చెప్పండి.

బయట వాడొచ్చా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. కోటుకు బదులుగా అయితే అస్సలు వద్దు. అక్కడి చలితో ఆటలాడకూడదు. 2019 జనవరి 30న చికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 30 దాటింది, ఆ రోజు పోస్టు బట్వాడా కూడా ఆపేశారు. అంత కాకపోయినా మామూలు జనవరిలోనే మంచి కోటు, మంచులో జారని బూట్లు, గ్లౌజులు ఉండాల్సిందే, ఆ ఖర్చు తప్పించుకోవడానికి గొంగడి కొనకండి. కోటు మీద వేసుకోవడానికైతే పనికొస్తుంది. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా అక్కడ కొన్ని పెద్ద రోడ్ల మీద తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా కారు పెట్టకూడదు, మంచు పడినా పడకపోయినా సరే, పెడితే లాక్కుపోతారు. అందుకని లోపలి వీధుల్లో చోటు కోసం తన్నులాట. మంచు తవ్వి కారుకు చోటు చేసుకున్నోళ్లు పోయేటప్పుడు అక్కడ పాత కుర్చీ ఒకటి పెట్టి పోతారు, ఇది నా జాగా అని. చట్టంలో లేకపోయినా అందరూ మర్యాద ఇస్తారు, మన దగ్గర బస్సు సీట్లో కిటికీలోంచి కర్చీఫ్ వేయడం ఉంది చూడండి, అచ్చం అదే. ఒక రాత్రి మంచు కురుస్తుండగా బావ కారు తవ్వడానికి పోతూ, కోటు మీద నుంచి గొంగడిని నెత్తి మీదుగా కొప్పెర వేసుకుని దిగాడు. పై నుంచి చూస్తే నాకు గట్టు మీద కాపరి కనబడ్డాడు. తిరిగొచ్చాక ఒక్కసారి విదిలిస్తే మంచంతా రాలిపోయింది, లోపలి వైపు పొడిగానే ఉంది. నవ్విన నల్లగొండ ఆ తర్వాత నోరెత్తలేదు.

అందరూ అడిగే ఇంకో ప్రశ్న, ఉతకడం. ఉతక్కూడదు. నీళ్లలో నానితే గంజి కరిగిపోయి బిగువు పోతుంది, వాషింగ్ మెషిన్‌లో వేస్తే ఉన్ని ముడుచుకుని చాపలా గడ్డకడుతుంది. బిల్డింగ్ కింద కాయిన్లు వేసే మెషిన్లో పడేద్దామని బావ రెండుసార్లు ఎత్తుకున్నాడు, రెండుసార్లూ మెట్ల మీదే లాక్కున్నా. మన దగ్గరైతే ఎండలో వేసి కర్రతో దులిపితే అయిపోతుంది. అక్కడ ఎండేది? ఉన్నా దానికి వేడేది?

దారి చూపించింది కింది అంతస్తులో ఉండే పోలండ్ ముసలావిడ. చికాగోలో పోలండ్ వాళ్లు చాలామంది, తరాల నుంచి ఉన్నారు. నేను మెట్ల దగ్గర గొంగడి దులుపుతుంటే ఆవిడ వచ్చి, చేత్తో తడిమి, అంచు తిప్పి చూసి, నా చేయి పట్టుకుని వెనక పెరట్లోకి తీసుకుపోయింది. ఆవిడ ఇంగ్లిష్ అంతంతే, నాదీ ఆవిడకు అర్థమయ్యేది కాదు. గొంగడిని కాసేపు బయట రెయిలింగ్ మీద వేసి చల్లబడనిచ్చింది, వెచ్చగా ఉంటే మంచు కరిగి తడైపోతుంది కదా, అందుకు. తర్వాత కొత్తగా పడిన పొడి మంచు మీద బోర్లా పరిచి కర్రతో బాదింది, నాతోనూ బాదించింది. ఎత్తి చూస్తే తెల్లటి మంచు మీద గొంగడి ఆకారంలో బూడిద రంగు మచ్చ! అంత మురికి. చోటు మార్చి మళ్లీ పరిచి, మళ్లీ బాది, విదిలించి, లోపల తగిలిస్తే గంటలో కప్పుకోవడానికి సిద్ధం. తాలింపు వాసన, మంద వాసన రెండూ సగానికి పైగా పోయాయి. వాళ్ల ఊళ్లో తివాచీలు ఇట్లాగే శుభ్రం చేస్తారట. గుర్తుపెట్టుకోండి, చలి సున్నాకు బాగా కింద ఉండాలి, మంచు పిడికిట్లో ముద్ద కట్టకుండా పొడిపొడిగా ఉండాలి. తడి మంచు మీద ఈ పని చేస్తే ఉతికినంత చెడ్డపని.

ఎండాకాలం వచ్చాక అసలు శత్రువు పురుగు. ఉన్ని కొరికే పురుగులు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. దులిపి, ఎండిన వేపాకు మడతల్లో వేసి, గాలి చొరని సంచిలో కట్టిపెట్టాలి. నాఫ్తలీన్ ఉండలు వేస్తే ఆ వాసన గొంగడిని వదలదు, మంద వాసనే నయం.

మార్కులు ఇవ్వమంటే, ఐదుకు నాలుగు. ఒకటి తీసేసింది గుచ్చుకున్నందుకు కాదు, అది దాని పుట్టుక. సైజు కోసం తీశా. కాపరి పొలంలో కింద సగం పరిచి పైన సగం కప్పుకునేంత పొడుగు ఇది, అమెరికా మంచానికి అటు పొడుగెక్కువ, ఇటు వెడల్పు తక్కువ. ఇద్దరు పడుకుంటే ఒకరి వీపు బయటే, ఆ వీపు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఈసారి మళ్లీ పెద్దాయన దగ్గరికి పోయినప్పుడు ఇదే అడిగా, వెడల్పుగా నేయలేవా కాకా అని. మగ్గం ఎంతుంటే పట్ట అంతే బిడ్డా అన్నాడు. పట్ట అంటే మగ్గం వెడల్పున నేసిన ఒక్క ముక్క. మాది రెండు పట్టలు నిలువునా కలిపి కుట్టిందే, మూడో పట్ట కలిపి కుట్టిస్తే మంచానికి సరిపోతుంది, బరువూ ధరా దానికి తగ్గట్టు పెరుగుతాయి. లేదా కుట్టకుండా ఒక్క పట్టే తీసుకుంటే కిటికీకి, ఒళ్లో వేసుకోవడానికి చాలు, సూట్‌కేస్‌లోనూ ఇరుకు కాదు. నేను ఒక్క పట్టకే చెప్పి వచ్చాను. మీరు కూడా చేయించుకునేటట్టయితే ఎండలు ఉండగానే చెప్పి పెట్టండి. వానలు పట్టుకుంటే గంజి ఆరదు, పని ఆగిపోతుంది, దసరాకు కావాలని భాద్రపదంలో పోతే ఆయనేం చేయగలడు.